ఇన్‌స్పెక్షను పెట్టె

కాన్పు గదిలోకి తీసుకుపోయేముందు మాణిక్యాన్ని లేబొరేటరీ గుమ్మం పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టారు. నొప్పులు వచ్చి పోతున్నాయి. వచ్చినప్పుడు బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంటోంది. పోయినప్పుడు మామూలుగా మాట్లాడుతోంది.

“తొరగా కానియ్యండమ్మా. మీరు సూది గుచ్చేలోగా ఇక్కడే కనేసేలా ఉన్నాను.”

“కనెయ్యి. నీ పిల్ల రక్తం కూడా పనిలో పనిగా చూసేస్తాను” అని విజయకుమారి ఆమె ఉంగరపు వేలిని స్పిరిటు దూదితో తుడిచింది. కొబ్బరిపీచు దంచి, నులిమి, తాడు పేనిన వేలు అది. కొన చెప్పు అట్టలా ఉంది. సూది రెండోసారికి గాని దిగలేదు.

గాజుపలక మీద మూడు రక్తపు బొట్లు. ఒకదాని పక్కన నీలం సీరం, ఒకదాని పక్కన పసుప్పచ్చ సీరం, మూడోదాని పక్కన రంగులేని సీరం. పాజిటివో నెగటివో చెప్పేది ఆ మూడోదే. వేరువేరు పుల్లలతో కలిపి పలకని బల్బుపెట్టె మీద పెట్టింది. చెక్కపెట్టెలో బల్బు, పైన పాలగాజు. రెండు చేతులా పట్టుకుని మెల్లిగా ఊపుతూ గోడ గడియారం కేసి చూసింది.

నీలం బొట్టు, పసుపు బొట్టు రెండూ పలుకులు కట్టకుండా నునుపుగానే ఉన్నాయి. అంటే రక్తం ‘ఓ’ గ్రూపు. మూడో బొట్టూ నునుపుగానే ఉంది. రెండు నిమిషాలు నిండాయి. చదువుకున్న పుస్తకం ప్రకారం చూపు అక్కడితో ఆపెయ్యాలి.

“నెగటివ్‌లా ఉందండీ బాబాయిగారూ” అంది.

సీనియరు టెక్నీషియను పేతురుగారు మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. “ఆగమ్మా. పాత సీరం గదా. దానికి కాస్త ఓపిక కావాలి.”

పాతదే. ఆ మూడో సీరం సీసా మీద చిన్న అక్షరాల్లో గడువు ‘మార్చి 83’ అని ఉంది. గోడ కేలండరులో ఆగస్టు. కేలండరు పైన అట్ట మీద ‘గడువు తేదీ దాటిన రసాయనములు వాడరాదు’ అని ఎర్రరంగుతో రాసి ఉంది. పై నుంచి వచ్చిన సర్క్యులరులోని ఆ వాక్యాన్ని పేతురుగారే స్వయంగా బ్రష్షుతో రాశారు. చర్చిలో వాక్యాలు రాసేదీ ఆయనే. ఆయన అక్షరం గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది.

విజయ ఊపుతూనే ఉంది. అయిదు నిమిషాలు. ఎనిమిది. మాణిక్యానికి రెండు నొప్పులు వచ్చి పోయాయి. పదో నిమిషానికి మూడో బొట్టు అంచున సన్నటి పలుకులు కనిపించాయి. పేతురుగారు లేచి వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వంగి చూశారు.

“అదిగో. పలుకులు కట్టింది. ఓ పాజిటివ్. రాసెయ్.”

“అంచులు ఎండిపోయినా ఇలాగే కనపడుతుందని మా కాలేజీలో...”

“మీ కాలేజీలో కొత్త సీరం ఇచ్చుంటారమ్మా. నేను పంతొమ్మిదేళ్ళబట్టి ఈ పనే చేస్తున్నాను. రాసెయ్, అవతల ఆవిడ కనేసేలా ఉంది.”

మాణిక్యం నవ్వబోయి, నొప్పికి ఆపేసింది.

విజయ రిజిస్టరులో పేరు, ఊరు, ఫలితం సిరాతో రాసి పొడి అక్షరాల సంతకం పెట్టింది. చివరి గడిలో సీరం నంబరూ గడువు తేదీ పెన్సిలుతో రాసింది. ఆ గడి పెన్సిలుతో రాయడం ఇక్కడి పద్ధతి. చేరిన రోజునే పేతురుగారు చెప్పారు. “సీసాలు మారిపోతుంటాయి. కొట్టివేతలుంటే రిజిస్టరు అసహ్యంగా ఉంటుందమ్మా.” శుభ్రంగా పని చేసే మనిషి గనక అలా చెప్పి ఉంటారనుకుంది.

ఆ సోమవారం పొద్దున్న పదకొండు గంటలకి మాణిక్యానికి ఆడపిల్ల పుట్టింది.

*

మంగళవారం విజయ వార్డులోకి వెళ్ళినప్పుడు మాణిక్యం మొగుడు లోవరాజు మంచం పక్కన గొంతుక్కూర్చుని కొబ్బరాకు ఈనెతో పిల్ల ముఖం మీద ఈగలు తోలుతున్నాడు.

“పేరు పెట్టేరా?”

“ఈవిడ ఒకటంటుందండి, మా అమ్మ ఒకటంటుందండి. నేను మాట్టాడితే ఇద్దరూ ఒకటైపోతున్నారండి” అన్నాడు.

“మరో పిల్ల పుడితే రెండో పేరు పెడతాం లెండి. గొడవెందుకు?” అంది మాణిక్యం.

విజయ నవ్వలేకపోయింది. తల్లిది నెగటివ్ అయి, బిడ్డది పాజిటివ్ అయితే, పుట్టిన మూడు రోజుల్లోగా తల్లికి ఒక ఇంజక్షను ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ బిడ్డకేం కాదు. వచ్చే కాన్పులో తల్లి రక్తమే కడుపులో బిడ్డ రక్తాన్ని విరిచేస్తుంది. రిజిస్టరులో పాజిటివ్ అని ఉంది కాబట్టి ఆ ఇంజక్షను గురించి ఎవరూ అడగరు.

తిరిగి వచ్చి, “కొత్త సీరం ఎక్కడైనా ఒక్క చుక్క దొరుకుతుందా బాబాయిగారూ? మాణిక్యంది ఇంకోసారి చూద్దామని” అంది.

“ఉంటే నీకివ్వనా?” అన్నారు పేతురుగారు. “ఇండెంటు పెట్టేం. వాళ్ళు పంపాలి గదా. అన్నట్టు ఎల్లుండి ఇన్‌స్పెక్షను. బల్లలు తుడిపించు. నువ్వు మంచి చీర కట్టుకురా.”

*

బుధవారం పొద్దున్న పేతురుగారి అమ్మాయి మేరీ వచ్చింది. మండపేటలో అత్తారింటి నుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చింది. మూడో నెల. చేతిలో సంచీ అయినా దింపకుండా విజయని కావలించుకుంది.

“ఏం అక్కా, మా నాన్నగారు నిన్నేడిపిస్తున్నారా? ఇంట్లో రోజూ నీ పేరే. మా విజయ అలాగ, మా విజయ ఇలాగ. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.”

“అయితే ఇక్కడే ఉండిపో. నేను మండపేట వెళ్తాను.”

“వెళ్ళు, మా అత్తగారితో వేగు. తెలుస్తుంది.”

పేతురుగారు మేరీ వేలు తానే తుడిచారు. తానే గుచ్చారు. విజయ అలవాటుగా సీరం సీసా ముందుకి జరిపింది. ఆయన దాన్ని అందుకోలేదు. “ఉండమ్మా” అని లేచి, పక్కనున్న టీకాల గదిలోకి వెళ్ళారు. మధ్య తలుపు తెరిచే ఉంది. ఫ్రిజ్ తలుపు తీసి, పోలియో చుక్కల సీసాలు పక్కకి జరిపి, అడుగు నుంచి ఒక అట్టపెట్టె తీశారు. అందులోంచి ఒక సీసా బయటికి వచ్చింది. అల్యూమినియం మూత గోటితో లేపారు. అది ఊడినప్పుడు చిన్న చప్పుడైంది.

నిమిషంన్నర. మేరీ రక్తం విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా విడిపోయింది. పది నిమిషాలు ఆగనక్కర్లేదు, కళ్ళజోడు ఎత్తనక్కర్లేదు.

“పాజిటివ్. దేవుడికి స్తోత్రం” అన్నారాయన. కూతుర్ని రిక్షా ఎక్కించడానికి సంచీ తీసుకుని బయటికి నడిచారు. సీసా బల్ల మీదే ఉండిపోయింది.

విజయ సీసా ఎత్తి చూసింది. ‘మార్చి 84’. టీకాల గదిలోకి వెళ్ళి అట్టపెట్టె చూసింది. ఆరు గళ్ళు. అయిదు సీసాలు సీలుతో ఉన్నాయి. ఒక గడి ఖాళీ. పెట్టె మూత మీద ‘ఏప్రిల్ 11న చేరినది’ అని ఆ గుండ్రటి అక్షరాలే.

అయిదు నిమిషాల్లో ఆమె వార్డుకి వెళ్ళి, తల్లి వేలూ బిడ్డ మడమా గుచ్చి, రెండు చిన్న గొట్టాల్లో రక్తం తెచ్చింది. కొత్త సీసాలోంచి రెండు చుక్కలు వేసింది. పలకని బల్బుపెట్టె మీద పెట్టి ఊపింది. మోచేతులు బల్లకి ఆనించుకుంది. బిడ్డ రక్తం చూస్తుండగానే ముద్దకట్టింది. తల్లి రక్తం రెండు నిమిషాలు నిండేసరికీ నునుపుగానే ఉంది, కుంకుమ నీళ్ళలాగ.

పేతురుగారు లోపలికి వచ్చి పలక చూశారు. తర్వాత సీసా చూశారు.

“ఆరు సీసాలున్నాయి బాబాయిగారూ” అంది విజయ.

“అది ఇన్‌స్పెక్షను పెట్టె.”

“అంటే?”

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. “ఏడాదికొక పెట్టె వస్తుందమ్మా. ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి రాలేదు. అప్పుడే ఇన్‌స్పెక్షను పడింది. గడువులో ఉన్న సీసా ఒక్కటి చూపించలేకపోయేను. ఆ వచ్చినాయన నలుగురిలో నన్ను ఎలా నిలబెట్టేడో నీకు తెలీదు. కూర్చోమనలేదు, ఏ కులం నుంచి వచ్చేవో తెలుసన్నట్టు మాట్టాడేడు. అప్పట్నుంచీ వచ్చిన పెట్టె దాస్తాను. కిందటేడు పెట్టె ఈ ఏడు వాడతాను. ఎప్పుడడిగినా చూపించడానికి ఒకటుంటుంది.”

“అంటే మనం ఎప్పుడూ గడువు దాటిందే వాడతాం. గడువులో ఉన్నది చూపిస్తాం.”

“వాళ్ళు చూసేది తేదీయే గదమ్మా.”

“మరి మేరీకి?”

ఆయన జేబురుమాలు తీసి బల్ల మీద లేని మరకని తుడిచారు. “నా కూతురమ్మా” అన్నారు.

విజయ పలకని ఆయన ముందుకి జరిపింది. “మాణిక్యం నెగటివండీ. రేపు పదకొండింటితో మూడు రోజులూ అయిపోతాయి.”

“రేపు ఇన్‌స్పెక్షను అయ్యాక నెమ్మదిగా...”

ఆ మాట పూర్తయ్యేలోగా విజయ డాక్టరు కామేశ్వరిగారి గదిలో ఉంది. డాక్టరుగారు అంతా విన్నారు. పెట్టె మాట వచ్చినప్పుడు కిటికీలోంచి బయటికి చూశారు. ఆవిడకి కొత్తగా తెలిసినట్టు లేదు.

“చూడు విజయా. నేను ఇంజక్షను రాయాలంటే నా చేతిలో నెగటివ్ రిపోర్టుండాలి. సోమవారం పాజిటివ్ అన్నావు, సంతకం నీది. తప్పని నువ్వే రాసివ్వాలి. ఇస్తావా?”

“ఇస్తానండీ.”

“రేపు ఆ కాగితం నిన్ను అడుగుతుంది. నన్ను కాదు.”

విజయ రిజిస్టరు తెచ్చి సోమవారం వరస కింద సిరాతో రాసింది. ‘మొదటి ఫలితము తప్పు. గడువు దాటిన సీరముతో చేసినది. గడువులోని సీరముతో మరల చేయగా ఓ నెగటివ్.’ పూర్తి పేరు పెట్టింది. డాక్టరుగారు బయట కొనుక్కురావలసిన ఇంజక్షనుకి చీటీ రాశారు.

చీటీ పట్టుకుని లోవరాజు రేవుకి బయల్దేరాడు. సఖినేటిపల్లిలో పంటు పడవ మీద గోదావరి దాటి నర్సాపురం. అక్కడ షాపుల్లో లేకపోతే భీమవరం. విజయ తన ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేయించి ఇచ్చింది.

“ఇందులో పెట్టి తేవాలి. ఎండ తగలకూడదు. రేపు పదకొండు లోపల నువ్విక్కడుండాలి.”

“పిల్లకేవన్నా అయ్యిందాండీ?”

“ఈ పిల్లకేం లేదు. రెండో పేరు దాచుకున్నారు చూడు, దానికోసం.”

అతనికి అర్థమైందో లేదో గాని, ఫ్లాస్కుని పిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వెళ్ళాడు.

*

సాయంత్రం విజయ తల్లి దీనమ్మ అరుగు మీద కూర్చుని ఎండురొయ్యల తలలు తుంచుతూ కూతురు చెప్పిందంతా వింది.

“నీ అప్లికేషను ఎవరు రాసేరు?” అంది.

“బాబాయిగారే.”

“కాకినాడలో నువ్వు చదివినన్నాళ్ళూ మన ఇంటికొచ్చి నీ ఉత్తరాలు చదివి వినిపించిందెవరు?”

“ఆయనేనమ్మా. కాదన్నానా?”

“మరి ఆయన పరువు నువ్వు తీస్తావా?”

“నేను నా పేరే రాసుకున్నాను. ఆయన పేరు ఎక్కడా రాయలేదు.”

దీనమ్మ రొయ్య తల తుంచి చేటలో పడేసింది. కాసేపటికి, “ఆ మాణిక్యం ఎవరి తాలూకు?” అని అడిగింది.

“ఎవరి తాలూకూ కాదు. పీచు దంచుతుంది.”

“నేనూ దంచేను” అంది దీనమ్మ.

*

గురువారం పొద్దున్న లేబొరేటరీ కొత్తగా ఉంది. బల్లలు తుడిచి ఉన్నాయి. పాత సీసాలు లేవు. కొత్త అట్టపెట్టె నడిబల్ల మీద తేదీ బయటికి కనిపించేలా పెట్టి ఉంది. విజయ రిజిస్టరు తెరిచింది.

చివరి గడిలో ఆమె పెన్సిలు రాత లేదు. తను చేరిన ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, పేజీ తర్వాత పేజీ, ఆ గడి అంతా రబ్బరుతో తుడిచి, నల్ల సిరాతో కొత్త పెట్టె నంబరు వేసి ఉంది. గుండ్రంగా, ముచ్చటగా. ప్రతి నంబరు పక్కనా ఆమె పొడి సంతకం. పేజీల మధ్య ఇంకా రబ్బరు పొట్టు ఉంది. ఊదితే ఎగిరింది.

మొత్తం రిజిస్టరులో గడువు దాటిందని చెప్పే వరస ఒక్కటే మిగిలింది. నిన్న తను సిరాతో రాసింది.

పేతురుగారు ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడ్డారు. విజయ తలెత్తి చూసింది. ఆయన చూపు కేలండరు మీదికి తిప్పుకున్నారు.

పది దాటాక ఇన్‌స్పెక్టరు శ్రీనివాసరావుగారు వచ్చారు. వెంట కామేశ్వరిగారు. ఆయన ముందు గోడ మీద అట్ట చదివి, “అక్షరాలు బాగున్నాయే” అన్నారు. తర్వాత పెట్టె చూసి, “మార్చి ఎనభైనాలుగు. వెరీ గుడ్” అన్నారు. రిజిస్టరు తిరగేస్తూ ఒకచోట వేలు ఆపారు.

“అన్నీ కొత్త సీరంతో చేసి, ఇదొక్కటీ పాతదాంతో చేశావేమ్మా? ముందు ఉన్నదేదో చూసుకోవా?”

విజయ పేతురుగారి కేసి చూసింది. ఆయన చెప్తారనుకుంది. పంతొమ్మిదేళ్ళ మనిషి, ఒక్క మాట చెప్తారనుకుంది.

“చిన్నపిల్లండి” అన్నారు పేతురుగారు. “కొత్త గదండీ. కంగారులో చేతికేది దొరికితే అది తీసుంటాదండి. ఆయ్. నేను తర్వాత మందలించేనండి.”

ఆ ‘ఆయ్’ ఆయన ప్రార్థనలో ‘ఆమేన్’ అన్నంత మెత్తగా అన్నారు.

విజయ అట్టపెట్టెని ఇన్‌స్పెక్టరు ముందుకి జరిపింది. “ఆ పెట్టెలో ఆరు సీసాలుంటాయండీ. అయిదింటికి సీలు అలాగే ఉంది. ఆరోది మెడ దాకా ఉంది. ఏప్రిల్ నుంచి రెండువందల నలభై పరీక్షలు రాసి ఉన్నాయండీ. సీసాకి వంద చుక్కలు. ఏ సీసాతో చేశామంటారండీ?”

శ్రీనివాసరావుగారు ఆరో సీసా తీసి వెలుతురుకి పట్టి చూశారు. సీళ్ళు ఒక్కొక్కటే వేలితో తడిమారు. తర్వాత పేతురుగారిని చూశారు, డాక్టరుగారిని చూశారు. సీసా మళ్ళీ గడిలో పెట్టేశారు.

“మధ్యాహ్నం రెండింటికి నేను అమలాపురంలో ఉండాలి డాక్టరుగారూ” అన్నారు. కలం తీసి రిజిస్టరు చివర రాశారు. ‘రసాయనములు గడువులో ఉన్నవి. ఒక పరీక్షలో అజాగ్రత్త వహించిన టెక్నీషియను హెచ్చరించబడినది.’ తేదీ వేశారు. “ఇక్కడ సంతకం చెయ్యమ్మా.”

విజయ సంతకం చేస్తుండగా బయట వరండాలో పరుగు చప్పుడైంది. లోవరాజు, కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద, చంకలో ఫ్లాస్కు. “భీమవరంలో దొరికిందండి. మొదటి పంటుకి దాటేద్దామంటే పొద్దున్న అది ఇసకలో మెట్టేసిందండి. అందరం దిగి తోసేమండి.”

గడియారంలో పదకొండుకి ఇరవై నిమిషాలు తక్కువ. కామేశ్వరిగారు ఇన్‌స్పెక్టరుని అక్కడే వదిలేసి ఫ్లాస్కు అందుకున్నారు.

*

శుక్రవారం మాణిక్యాన్ని ఇంటికి పంపారు. పోయేముందు మొగుడూ పెళ్ళాం లేబొరేటరీ గుమ్మంలోకి వచ్చారు. లోవరాజు చేతిలో చక్రకేళీ అరటిపళ్ళ హస్తాలు రెండు. విజయకి దణ్ణం పెట్టి, అవి తీసుకెళ్ళి పేతురుగారి బల్ల మీద పెట్టాడు.

“అయ్యగారు కనిపెట్టకపోతే మా సంగతి ఏమయ్యేదోనండి. ఈ అమ్మగారు పొరపడితే తవరు పట్టుకున్నారని వార్డులో చెప్పేరండి” అంది మాణిక్యం. “చిన్నోరు. ఏమీ అనకండి పాపం.”

పేతురుగారు అరటిపళ్ళ కేసి చూస్తూ ఉండిపోయారు. విజయ పిల్ల బుగ్గ మీద వేలితో రాసి, “మెడ జాగర్తగా పట్టుకో” అంది మాణిక్యంతో.

వాళ్ళు వెళ్ళాక నర్సు మరో గర్భిణిని తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. విజయ ఫ్రిజ్‌లోంచి తెచ్చి బల్ల మీద పెట్టిన అట్టపెట్టెని పేతురుగారు ఎత్తి పట్టుకున్నారు. టీకాల గది వైపు నడుస్తూ, సొరుగు లాగి మిగిలిన మూడు ‘మార్చి 83’ సీసాలూ బల్ల మీద పెట్టారు. పక్కన పెన్సిలు, రబ్బరు.

“ఇన్‌స్పెక్షను అయిపోయింది గదమ్మా” అన్నారు. గొంతులో బతిమాలుతున్నట్టు ఉంది.

విజయ మొదటి సీసా మూత తీసి ఫినాయిలు తొట్టిలోకి వంచింది. రెండోది. మూడోది. సీసాలు కడిగి, నోళ్ళు కిందికి వచ్చేలా అరమీద బోర్లించింది. చేతులు తుడుచుకుంది.

“ఇంక ఆ పెట్టె ఒకటే ఉందండీ, పేతురుగారూ.”

ఆయన గుమ్మం మధ్యలో ఆగిపోయారు. ఆమె ఆయన్ని ఆ పేరుతో పిలవడం అదే మొదలు. అట్టపెట్టె చల్లదనానికి చెమర్చి ఆయన చొక్కా మీద తడి మరక పడింది. ఎంతోసేపటి తర్వాత వెనక్కి వచ్చి, పెట్టె బల్ల మీద పెట్టి, తన స్టూలు మీద కూర్చున్నారు.

విజయ కొత్త గర్భిణి వేలు పట్టుకుంది. “పేరేంటమ్మా?”

“వీరాయమ్మండి.”

మూడు బొట్లు, మూడు చుక్కలు. బల్బుపెట్టెని ఊపుతూ గడియారం చూసింది. రెండు నిమిషాలు నిండాయి. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, పెన్సిలు పక్కకి తోసి, అన్ని గళ్ళూ సిరాతోనే నింపింది.